ఫణిగిరి రాతి శిల్పాలు – శుభ్రపరచుటలో వివేచన

బేతనియలో ఆ స్త్రీ తెచ్చినది ఇంగ్లీషు బైబిలు ప్రకారం అలబాస్టరు బుడ్డి. మన తెలుగు అనువాదం రాతి పేరు విడిచిపెట్టి 'అత్తరుబుడ్డి' అన్నది. ఒక విధంగా అదే మేలు, ఎందుకనగా ఆ పేరు రెండు వేరువేరు రాళ్లకు చెల్లుచున్నది. ఐగుప్తు అలబాస్టరు కాల్సైట్, అనగా సున్నపురాయి జాతి. మధ్యయుగపు ఇంగ్లండు దేవాలయాల ప్రతిమలది జిప్సం. దానిపై గోటితో గీసినా గీత పడుతుంది, నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. 1550 నాటి విగ్రహ నిషేధ చట్టమును తప్పించుకొని మిగిలిన ఆ ప్రతిమలకు తడిగుడ్డ కూడా ప్రమాదమే. కాబట్టి శుభ్రపరచుటకు ముందు అది ఏ రాయియో తెలిసికొనవలెను.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు తగిన చోటు ఫణిగిరి. పూర్వపు నల్లగొండ, నేటి సూర్యాపేట జిల్లాలోని ఈ కొండమీది బౌద్ధారామంలో 2001 తరువాత జరిగిన తవ్వకాలలో సున్నపురాతి ఫలకాలు, తోరణపు అడ్డుదూలం, శాసనాలు బయటపడ్డాయి. ఆ దూలం 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో నిలిచింది. అయితే చరిత్ర విద్యార్థికి అంతకన్న విలువైనది ఒక స్తంభశాసనం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో ప్రధాన వైద్యుడొకడు ధర్మచక్రమును ప్రతిష్ఠించెనని అది చెప్పుచున్నది. ఆ రాజు కనీసం 18 ఏండ్లు ఏలెనన్న సంగతి తెలిసినది దీనివలననే. అక్షరాల లోతు స్వల్పం. పైపొర రాలిపోతే ఆ సంవత్సరమూ పోతుంది, ఆ వైద్యుడూ పోతాడు.

సున్నపురాయికి ఆమ్లం శత్రువు. నిమ్మరసమైనా నురగ రప్పించి రాతిని తినివేస్తుంది. మట్టిని వెదురుపుల్లతోను, మెత్తని బ్రష్షుతోను, కొద్దిపాటి స్వేదన జలంతోను ఓపికగా తీయాలి. లోపలి ఉప్పును తడి కాగితపు గుజ్జు అంటించి బయటికి లాగుతారు. సిమెంటు మరొక శత్రువు. మద్రాసు మ్యూజియంలో 19వ శతాబ్దాంతమున అమరావతి ఫలకాలను గోడలో సిమెంటుతో బిగించారు. తరువాత ఉప్పు చేరి రాతి పొరలు ఊడసాగినవి. కాపాడవలెనన్న ఉద్దేశముతోనే ఆ పని చేశారు.

మన పాత దేవాలయాల గోడలలోని చలువరాతి జ్ఞాపక ఫలకాలు కూడా ఈ జాతివే. క్రిస్మసుకు ముందు సున్నాలు వేయించునప్పుడు కూలివారు బాత్‌రూము యాసిడ్‌తో వాటిని తోముట అరుదు కాదు. ఫలకం తెల్లబడుతుంది, పేర్లు పలుచబడతాయి. కాపరి ముందుగా ప్రక్కవాటు వెలుతురులో ఫోటో తీయించి, ప్రతి అక్షరమును సంఘపు రిజిస్టరులో ఎక్కించవలెను. ఆ తరువాత పొడి బ్రష్షు చాలును.