పండుగ ఆటబొమ్మలు: పారువేట బాణం నుంచి బేబ్లేడ్ వరకు

రాజుల యుద్ధాలకు శాసనాలున్నాయి. పిల్లలు ఆడుకున్న యుద్ధాలకు అలాంటి ఆధారాలు తక్కువ. మట్టి బొమ్మ పగిలిపోతుంది, కర్ర బొమ్మ పొయ్యిలోకి పోతుంది. పాత గుళ్ల మండపాల్లో బండలమీద గీసిన పులిజూదం గీతలు మాత్రం మిగిలాయి. అందులో పులులు మేకలను చంపుతాయి, మేకలు కలిసి పులులను కట్టేస్తాయి. అదీ ఒక యుద్ధమే. మిగతా ఆటల చరిత్రను ఆచారాల్లో, అంగళ్లలో, పెద్దల జ్ఞాపకాల్లో వెతకాలి.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలాన్ని చూడండి. ఇక్కడ కనుమనాడు పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీ నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి స్వయంగా పిలుపులకు వస్తాడని జనం నమ్మకం. చెంచులక్ష్మిని పెళ్లాడినందువల్ల ఆయన చెంచులకు అల్లుడు. ఆ చెంచులే పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. అది చుట్టరికం చూపే మర్యాద, కోపం కాదు. యుద్ధాన్ని ఆటగా మార్చుకోవడం పిల్లలకు మాత్రమే చెందిన పని కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. తిరునాళ్లలో పిల్లలు వెదురు విల్లు, రేకు కత్తి, ప్లాస్టిక్ గద కొనిపెట్టమని మారాం చేయడానికి ఈ నేపథ్యం కూడా తోడవుతుంది.

అయితే పోరు, సేకరణ రెండూ కలిసిన అసలైన ఆట బొంగరం. నేలమీద గిరి గీసి, ఓడినవాడి బొంగరాన్ని అందులో పెడతారు. మిగతావాళ్లు తాడు చుట్టి, తమ బొంగరం ముల్లు దానిమీద పడేలా విసురుతారు. దెబ్బ గట్టిగా తగిలితే కర్ర రెండుగా చీలుతుంది. గుంటలు పడిన బొంగరం ఎన్ని ఆటలు ఆడిందో చూడగానే తెలిసేది. అంగట్లో కొత్తది దొరుకుతుంది, ఆ గుంటలు దొరకవు. ఇక్కడ పిల్లవాడి సంపద చేతి నేర్పు మీద ఆధారపడింది.

బేబ్లేడ్‌ను జపాన్‌లో టకారా సంస్థ 1999లో విడుదల చేసింది. దీన్ని కేవలం విదేశీ వస్తువని తోసిపుచ్చడం చరిత్ర విద్యార్థికి తగదు. దాని మూలం బేగోమా అనే పాత వీధి ఆట. మొదట్లో నత్తగుల్లలో ఇసుక నింపి, మైనంతో మూసి తిప్పేవారు, తర్వాత పోత ఇనుముతో చేశారు. గెలిచినవాడు ఓడినవాడి బొంగరాన్ని తీసుకునే పద్ధతి అక్కడా ఉంది. కంపెనీ ఆ ఆటను విడిభాగాలుగా, వరుస నమూనాలుగా మార్చింది. తోడుగా కార్టూన్ ధారావాహిక వచ్చింది. అప్పటినుంచి కొత్త బొంగరం ఆటలో గెలుచుకునేది కాదు, పండుగకు తండ్రి కొనివ్వవలసినది. ఒకటి కొంటే చాలదు, వరుసలో తర్వాతిది కావాలి. సంక్రాంతి ఖర్చు లెక్కలో ఇది చిన్న మార్పేమీ కాదు.

ప్రభుత్వం కూడా బొమ్మను ఆర్థిక విషయంగానే చూసింది. దిగుమతి బొమ్మలపై కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరయ్యాయి. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది బొంగరాలు చేసే ఏటికొప్పాక కళాకారులకు దీనివల్ల కొంత చోటు దొరకవచ్చు. కానీ సుంకం బొమ్మ ధరను మార్చగలదు, గిరి గీసుకునే ఖాళీ స్థలాన్ని తెచ్చివ్వలేదు.

వచ్చే కనుమకు మీ ఊళ్లో అరవై దాటిన ఒకరిని కలవండి. వారి బొంగరం ఎవరు చేశారు, ముల్లు ఎవరు దిగ్గొట్టారు, వెల ఎంత అని అడగండి. గెలిచినవాడు ఓడినవాడి బొంగరాన్ని ఉంచుకునేవాడా, పగలగొట్టేవాడా, తిరిగి ఇచ్చేవాడా అన్నది తప్పక రాసుకోండి.