కాన్వెంటు గేటు దాటి లోపలికి

వల్లూరు చుట్టుపక్కల ఒకప్పుడు శెనక్కాయ పైరు కనబడిన చోట ఇప్పుడు నల్లటి సోలార్ పలకలు వరసలు తీరి ఎండకు తలలెత్తి నిలబడ్డాయి. కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కుకు భూములిచ్చిన ఐదు ఊళ్ళలో వల్లూరు ఒకటి. సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఇక్కడి రైతులు పొలం అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. మాటిమాటికీ కరువు తాలూకా అనిపించుకున్న నేల మీద, వానతో నిమిత్తం లేకుండా చేతికొచ్చే డబ్బు అది. భూమి లేని కూలీ ఇంటికి ఆ కౌలు రాలేదు, పైగా పొలం పని పోయింది. అయినా ఎండాకాలం వచ్చేసరికి రెండు రకాల ఇళ్ళలోనూ ఒకటే మాట: పిల్లను ఏ బడిలో వేద్దాం?

జవాబు కూడా చాలా ఇళ్ళలో ఒకటే. కాన్వెంటులో.

ఈ మాట తెలుగువాళ్ళ నోట ఎంత దూరం నడిచిందో చూడాలి. కాన్వెంటు అంటే అసలు అర్థం కన్యాస్త్రీలు కలిసి ఉండే మఠం. దాని పక్కన వాళ్ళు నడిపే బడి కాన్వెంటు బడి. రానురాను టై, బూటు, ఇంగ్లిషు పద్యాలు ఉన్న ప్రతి బడీ కాన్వెంటే అయింది. దేవుళ్ళ పేర్లు పెట్టుకున్న వీధి బడులు కూడా ‘కాన్వెంట్’ అని బోర్డు రాయించుకున్నాయి. ఒక పేరును ఇంతమంది అరువు తెచ్చుకున్నారంటే, అసలు బడిలో ఏదో విలువైనది ఉండి తీరాలి. అదేమిటో తెలిస్తే తప్ప, సీటు కోసం వెళ్ళిన తల్లిదండ్రులకు తాము ఏమి చూడాలో తెలియదు. జూబిలీ సంచికల్లో స్థాపకుల ఫోటోలు, ర్యాంకర్ల ఫోటోలు ఉంటాయి. ఈ రెంటికీ నడుమ ఉన్న చరిత్రే తల్లిదండ్రులకు పనికొచ్చేది.

తెలుగు నేల మీద ఈ చరిత్ర సముద్రపు ఒడ్డున మొదలైంది. ఆల్ప్స్ కొండల కింది అన్నెసీ పట్టణం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటేడు, 1847లో, అక్కడ సెయింట్ అలోషియస్ బడి పుట్టింది. అదే అన్నెసీ నుంచి సెయింట్ జోసఫ్ సిస్టర్లు 1849లో యానాం వచ్చారు. హైదరాబాదులో ఆల్ సెయింట్స్ 1855 నాటిది. పిల్లలకు మొదటి అక్షరం దిద్దించడంలో పేరు తెచ్చుకున్న ఆడపిల్లల బడి గురించి చెప్పాలంటే మాత్రం సికింద్రాబాదులోని సెయింట్ ఆన్స్ దగ్గర ఆగాలి. 1871లో ఇటలీ నుంచి వచ్చిన సెయింట్ ఆన్ సిస్టర్లు, ఆనాటి బ్రిటిష్ దండు ఊరిలో, ఆ బడి పెట్టారు. దానికిప్పుడు నూట యాభై ఏళ్ళు దాటాయి.

ఆ సిస్టర్ల మూలం ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఉంది. అక్కడ కార్లో తాంక్రెదీ, జూలియా ఫల్లెత్తి ది బరోలో అనే జమీందారీ దంపతులుండేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. జూలియా ఆడవాళ్ళ జైలుకు వెళ్ళి, మురికిలో పడి ఉన్న ఖైదీల మధ్య కూర్చుని వాళ్ళకు చదువు, పనిపాట నేర్పే ఏర్పాట్లు చేసింది. కార్లో 1825 ప్రాంతంలో తమ భవనంలోనే పనివాళ్ళ పిల్లల కోసం ఒక శిశుశాల తెరిచాడు. తల్లీ తండ్రీ పనికి పోతే వీధిలో తిరిగే పిల్లలకు అన్నం, ఆట, అక్షరం ఇచ్చే చోటు అది. ఆ పనిని కొనసాగించడానికే 1834లో సెయింట్ ఆన్ సిస్టర్ల సభను స్థాపించారు.

ఈ సంగతిని మళ్ళీ ఒకసారి తలచుకోవాలి. ఇవాళ కారులో వచ్చి గేటు ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడే బడికి వేరు ఒక కూలివాళ్ళ శిశుశాలలో ఉంది. ఇంట్లో చదువు చెప్పే దిక్కు లేని పిల్ల కోసమే ఆ సభ పుట్టింది. కాబట్టి ఏ కేథలిక్ ప్రాథమిక బడినైనా తూచడానికి వాళ్ళ చరిత్రే ఒక తూకపు రాయి ఇచ్చింది: ఏమీ రాకుండా వచ్చిన పిల్లను ఈ బడి ఎక్కడిదాకా తీసుకుపోయింది?

పేరు పెరిగేకొద్దీ ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టమవుతుంది. బడికి పేరొస్తే దరఖాస్తులు పెరుగుతాయి. దరఖాస్తులు పెరిగితే ఎంపిక మొదలవుతుంది. చదువుకున్న తల్లిదండ్రుల బిడ్డ, అప్పటికే రంగుల పేర్లు ఇంగ్లిషులో చెప్పే బిడ్డ ముందు లోపలికి పోతుంది. పదేళ్ళ తర్వాత ఆ బిడ్డ ఫోటో ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. 625 మార్కుల పదో తరగతి పరీక్ష ఎస్ఎస్ఎల్‌సీలో ఆమెకు వచ్చిన మార్కుల్లో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత, ట్యూషన్ వాటా ఎంత? ఫ్లెక్సీ చెప్పదు. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో వేరే బడి నుంచి వచ్చి చేరిందేమో కూడా చెప్పదు. ఒకటో తరగతికి బడి వెతుకుతున్న తల్లికి పదో తరగతి ఫలితం చాలా దూరపు సాక్ష్యం.

అమెరికాలో ఈ తగవు పెద్దఎత్తునే జరిగింది. 1982లో జేమ్స్ కోల్మన్, ఆయన సహచరులు కేథలిక్ హైస్కూళ్ళ పిల్లలు సర్కారు బడుల పిల్లల కంటే బాగా నేర్చుకుంటున్నారని పుస్తకం రాశారు. అది బడి గొప్పా, ఆ బడికి పంపే కుటుంబాల గొప్పా అని విమర్శకులు నిలదీశారు. మనకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్ళ పాటు, 180 పల్లెల్లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద పరిశోధన నడిపారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ వేసి ఎంచి, ప్రైవేటు బడి ఖర్చు పరిశోధన తరఫునే కట్టారు. లాటరీ తగిలిన పిల్లలూ తగలని పిల్లలూ నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో, ఇంగ్లిషులో దాదాపు సమానంగానే నిలిచారు. ప్రైవేటు బడుల్లో అదనంగా నేర్పిన హిందీలో మాత్రం లాటరీ తగిలినవాళ్ళు బాగా ముందుకు పోయారు. ప్రైవేటు బడులు పిల్లవాడికి పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదన్నది మరో నిజం. అవి పల్లెటూరి మామూలు ప్రైవేటు బడులే, నూరేళ్ళ కాన్వెంట్లు కావు. అయినా ఫీజు కట్టగానే చదువు దానంతట అది పెరగదని తేలింది. ఇంగ్లిషు మీడియంలో చేరినవాళ్ళ కంటే తెలుగు మీడియం ప్రైవేటు బడుల్లో చేరినవాళ్ళు మిగతా పాఠాల్లో మెరుగ్గా ఉన్నట్టు కూడా ఆ పరిశోధనలో జాడలు కనబడ్డాయి.

భాష దగ్గర వల్లూరు పిల్లకు ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు. రాష్ట్రం భాష కన్నడ. కాన్వెంటులో ఇంగ్లిషు. నాలుగేళ్ళ పిల్ల ఒకేసారి మూడు గుమ్మాలు దాటాలి. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలోనో కన్నడంలోనో బోధించాలని కర్ణాటక ప్రభుత్వం ఏళ్ళ తరబడి పోరాడింది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మీడియంను బలవంతంగా రుద్దే అధికారం ప్రభుత్వానికి లేదని తీర్పు చెప్పింది. కన్నడను ఒక భాషగా నేర్పి తీరాలని 2015లో రాష్ట్రం మరో చట్టం చేసింది. అంటే మీడియం ఎంపిక ఇంటివాళ్ళదే, బరువు మాత్రం పిల్లది.

ఇక్కడ మంచి బడికీ మామూలు బడికీ తేడా చెవికే తెలుస్తుంది. తెలుగు మాట్లాడితే జరిమానా అనే బడి ఒకటుంటుంది. ‘నీళ్ళు కావాల’ అని పిల్ల తెలుగులో అడిగితే నీళ్ళిచ్చి, ఆ తర్వాత అదే మాటను ఇంగ్లిషులోనూ కన్నడంలోనూ అనిపించే టీచరు ఉన్న బడి ఇంకొకటుంటుంది. రెండో బడి ఫీజు ఎంతయినా సరే ముందు దాన్నే అడిగి చూడాలి.

అదే 2014 మే 6న, అదే కోర్టులో, ఇంకో రాజ్యాంగ తీర్పు వెలువడింది. ప్రమతి ట్రస్టు కేసు అది. మైనారిటీలు నడిపే బడులకు, ఎయిడెడ్ అయినా కాకపోయినా, విద్యాహక్కు చట్టం వర్తించదని అందులో తేల్చారు. ఇది కోర్టు గది సంగతి కాదు, సీటు సంగతి. పేద పిల్లలకు 25 శాతం సీట్లు, చేర్చుకునేటప్పుడు పిల్లకూ తల్లిదండ్రులకూ పరీక్ష పెట్టకూడదన్న నిషేధం ఆ చట్టంలోవే. కేథలిక్ బడికి అవి కట్టుబాట్లు కావు. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం పరిశీలించాలని కోరింది. చట్టం తప్పనిసరి చేయని చోట కూడా పేద పిల్లకు తలుపు తెరిచే బడి ఉంటే, అది తన చరిత్రకు న్యాయం చేసినట్టు. ‘సిస్టరమ్మా, ఫీజు రాయితీ పిల్లలు ఈ తరగతిలో ఎంతమంది?’ అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. మంచి మదర్ ఆ ప్రశ్నకు సంతోషిస్తుంది.

ఇంగ్లండులో పేరున్న కేథలిక్ ప్రాథమిక బడికి పోటీ పెరిగితే బాప్తిస్మ పత్రం ఉన్న పిల్లకు ముందు పీట. మన దగ్గర పరిస్థితి వేరు. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021 నివేదిక ప్రకారం క్రైస్తవ బడుల్లో చదివే పిల్లల్లో 74 శాతం మంది మైనారిటీ మతాల వాళ్ళు కారు. కాబట్టి ‘మా పిల్లను మతంలో కలిపేస్తారా’ అనే భయం గుసగుసగా మిగిలిపోకుండా ఆఫీసు గదిలోనే అడగవలసిన ప్రశ్న. రాజ్యాంగం 28(3) అధికరణం స్పష్టంగా ఉంది: ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లను మత బోధనలో గానీ ప్రార్థనలో గానీ పాల్గొనమనకూడదు. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా 2024లో తన బడులకు మార్గదర్శకాలిచ్చింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దని, పొద్దున అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, సర్వమత ప్రార్థనకు ఒక గది ఉంచాలని అందులో ఉంది. చూడబోయే బడి గోడ మీద ఆ పీఠిక ఉందో లేదో చూస్తే ఒక్క నిమిషంలో సగం జవాబు దొరుకుతుంది.

ఇక అసలు పరీక్ష రెండో తరగతి గదిలోది. ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో చేసేది చాలా తేలికైన పని. పిల్ల ఇంటికి వెళ్ళి, రెండో తరగతి స్థాయి కథ ఒకటి చేతికిచ్చి చదవమంటారు. 2024లో దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో అది చదవగలిగినవాళ్ళు, అన్ని రకాల బడులూ కలిపి, 27.1 శాతమే. తల్లిదండ్రులకు సర్వే అవసరం లేదు. తమ వీధిలోనే ఆ బడిలో చదివే పిల్ల ఉంటుంది. ఆ పిల్ల ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ఇచ్చి చదివించుకుంటే చాలు. బట్టీ పట్టిన పాఠం గడగడా వస్తుంది. కొత్త పేజీ దగ్గర వేలు ఆగుతుంది, పెదవి కదులుతుంది, అక్షరం అక్షరం కలుస్తుంది. ఆ కలవడం ఉంటే బడి పని చేస్తోందన్నమాట.

నోటుబుక్కులు కూడా మాట్లాడతాయి. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల పుస్తకం ఎవరైనా చూపిస్తారు. వెనక బెంచీ పిల్ల పుస్తకం చూపించమని అడగాలి. అందులో ఎర్ర సిరా ఉందా, తప్పు పక్కన సరైన మాట రాసి ఉందా, వారం తర్వాత అదే తప్పు మళ్ళీ వచ్చిందా? వందమందికి ఒకే అందమైన అక్షరంతో, ఒకే జవాబుతో నిండిన పుస్తకాలుంటే, అక్కడ నల్లబల్ల మీది రాత పుస్తకంలోకి దిగింది, అంతే.

పాత కాన్వెంట్ల బలం చాలావరకు ఒక మామూలు సంగతిలో ఉంది. సిస్టర్లు బడి ఆవరణలోనే ఉండేవారు. సాయంత్రం ఆలస్యంగా వచ్చే తండ్రి కోసం ఎదురుచూసే పిల్లతో పాటు ఎవరో ఒకరు ఉండేవారు. టీచర్లు ఒకసారి చేరితే దశాబ్దాలు మారేవారు కాదు, తల్లికి చెప్పిన టీచరే కూతురికీ చెప్పేది. ఇవాళ పాఠాలు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది జీతానికి పనిచేసే టీచర్లు. వాళ్ళు ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఏడాది మధ్యలో ఎంతమంది మానేశారు అన్నది ర్యాంకుల కంటే పెద్ద లెక్క. ఏటా టీచర్లు మారే ఒకటో తరగతిలో ఏ పిల్లా కుదురుకోదు.

గొప్ప ఫలితం అంటే ఏమిటన్న దాని మీద కూడా ఈ బడులు ఒక సంగతి చూపించాయి. ఆల్ సెయింట్స్ మైదానంలో ఆడిన అజారుద్దీన్ తన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. పి.వి. సింధు చదివింది సికింద్రాబాద్ ఆక్సీలియంలో, ఆ తర్వాత సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో. ఆటకు వెళ్ళే పిల్లను క్లాసులో లేదని తిట్టకుండా దారివ్వడం కూడా బడి పెంపకమే. కాబట్టి ఆట గంట టైంటేబుల్లో ఉందా, పరీక్షల నెలలో ఆ గంటను లెక్కల టీచరు తీసుకుంటుందా అని పిల్లల్నే అడగాలి. వాళ్ళు అబద్ధం చెప్పరు.

ఇవన్నీ చూడటానికి ఒక పూట చాలు. బడి వదిలే వేళకు వెళ్ళి, గేటు బయట చెట్టు కింద కాసేపు నిలబడాలి. బెల్లు కొట్టాక ఒకటో తరగతి పిల్లలు వరస కట్టి వస్తారు. వరస తప్పిన పిల్లను టీచరు ఎలా పిలుస్తుందో వినాలి, పేరు పెట్టి పిలుస్తుందా, వేలు చూపిస్తుందా. బూటు లేసు ఊడిన పిల్ల ముందు ఎవరైనా వంగుతారా. బస్సెక్కేముందు వెనక్కి తిరిగి చేయి ఊపే పిల్లలుంటారు. వాళ్ళు ఎవరికి ఊపుతున్నారో కూడా చూసి, ఆ తర్వాత దరఖాస్తు రాసుకోవచ్చు.