తవుడులో పోయిన బలము

నర్సీపట్నము చెంత వరాహనది యొడ్డున బలిఘట్టము అను గ్రామము కలదు. బలిచక్రవర్తి ఇచట యజ్ఞము చేసెనని స్థలపురాణము. శివరాత్రినాడు బ్రహ్మలింగేశ్వరుని సన్నిధికి చుట్టుపట్ల జనము తరలివత్తురు. అచట నిలిచి చూచినచో ఒకవంక పల్లపు మళ్లలో వరియు చెరకును, మరియొకవంక దూరమున చింతపల్లి దారిన లేచిన మన్యపు కొండలును మన మనస్సున మెదలును. పల్లమున వరి, కొండవాలులందు చోళ్ళు, సామలు. మన ప్రాంతపు ఆహారచరిత్ర ఈ రెంటి నడుమనే నడచినది.

ముడిబియ్యము తినవలెననియు, చిరుధాన్యములు వాడవలెననియు నేడు పట్టణములలో వినవచ్చుచున్న మాట క్రొత్త నాగరికతగా కొందరికి తోచును. నిజమునకు అది మన ఉత్తర సర్కారుల ప్రజలు ప్రాణములిచ్చి నేర్చుకొన్న పాఠము.

1835లో మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ బెరిబెరి యను వ్యాధిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కాళ్లు తిమ్మిరెక్కును, నడక తడబడును, ఒడలు నీరుపట్టును, తుదకు గుండె నిలిచిపోవును. ఈ వ్యాధికి ఉత్తర సర్కారుల తీరము పేరుపడిన తావు. గాలి దోషమనియు, తేమ దోషమనియు వైద్యులు తలపోసిరే కాని, దోషము కంచములో నున్నదని ఆనాడు ఎవరికిని తెలియదు.

ఆ గుట్టు కోళ్లు చెప్పినవి. 1890 ప్రాంతమున జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుని ప్రయోగశాలలోని కోళ్లకు కాళ్లు పడిపోయెను. సైనిక వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లని యన్నము వానికి మేతగా వేయుచుండిరి. అంతలో క్రొత్త వంటవాడు వచ్చి, సైన్యపు బియ్యము కోళ్లకు వేయనని మొండికెత్తెను. ముడిబియ్యము తిన్న కోళ్లు తేరుకొన్నవి. తవుడు కలిపిన మేతతోను ఆ వ్యాధి నయమయ్యెను. తవుడులో శరీరమునకు అత్యవసరమైన పదార్థ మొకటి యున్నదని 1901లో గ్రైన్స్ గ్రహించెను. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఆ పదార్థమే బి-1 విటమిను, అనగా థయామిన్. 1936లో దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరున జన్మించినవాడు. అమెరికా మిషనరీల బిడ్డ. మన దేశమున మెకారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన ప్రారంభించెను. ఆ సంస్థయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. మన యన్నపుకుండను గూర్చిన ప్రశ్నతో ఆ మహాసంస్థ పుట్టినదని మనము మరువరాదు.

కూనూరు పరిశోధకులు ఒక వింత గమనించిరి. తమిళదేశమున ఉప్పుడు బియ్యము వాడుకలో నున్నచోట బెరిబెరి అరుదు; మన తీరమున పచ్చిబియ్యము మరపట్టి తినుచోట హెచ్చు. వడ్లు ఉడికించునపుడు పైపొరలలోని విటమిను గింజలోనికి ఇంకును. పిదప మరపట్టినను కొంత నిలుచును. నూరు గ్రాముల దంపుడు బియ్యములో థయామిన్ సుమారు 0.21 మిల్లీగ్రాములు, తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యములో 0.06 మాత్రమే. మూడింట రెండుపాళ్లకు మించి తవుడులో పోవుచున్నది. మిగిలిన కొంచెమును పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోయుచున్నాము. తవుడు పశువులకు, కడుగునీరు కుడితితొట్టికి! మన ఇంటి బలము గొడ్లచావడికి నడచిపోయినది.

అయినను రోకలినాటి కాలమునే పొగడుచు కూర్చుండుట న్యాయము కాదు. తెల్లవారకముందే లేచి రోటివద్ద నిలిచిన ఆడువారి చేతుల పొక్కులను ఆ పొగడ్త మరచును. మర వారికి విశ్రాంతి నిచ్చినది, అది మేలే. దోషము మరది కాదు, తెలుపుపై మనకు గల మోజుది. పైపొట్టు మాత్రము తీసి తవుడు నిలుపుటయు ఆ మర చేయగల పనియే.

ఇక కొండవైపు చూతము. చోడి అంబలి అక్కడివారికి పూటకూడు. నూరు గ్రాముల చోళ్ళలో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, సుమారు 340 మిల్లీగ్రాములు, తెల్లబియ్యములో పదియే. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యపు పథకము వచ్చినది. పేదవాని యాకలి తీర్చిన ఆ మేలును ఎవరును కాదనలేరు. కాని బియ్యము చౌకయై, అంబలి చిన్నతనమై, చోళ్ళు వెనుకబడినవి. చివరకు ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినప్పుడు, మన అవ్వల కంచములోనిది నగరపు అంగళ్లలో హెచ్చు వెలకు అమ్మబడుట చూచితిమి.

మరి ఎట్లు మొదలిడవలెను? ఒక్కనాడే వంటయిల్లు తలక్రిందులు చేయనక్కరలేదు. దినమునకు ఒక పూట చాలును. ముడిబియ్యమును ముందుగా నానవేసి, కొంచెము నీరెక్కువపోసి, నిదానముగా ఉడికించవలెను. తవుడులోని నూనె త్వరగా ముక్కిపోవును గనుక కొలదికొలదిగా తెచ్చుకొనవలెను. ఏ బియ్యమైనను ఒకటిరెండు సారులు మాత్రమే కడిగి, అత్తెసరు పెట్టుట మేలు. వార్చినచో ఆ గంజిని త్రాగవచ్చును. వారమునకు రెండుమూడు మారులు చోడి అంబలి, కొఱ్ఱన్నమో సామన్నమో చేర్చవచ్చును. ప్రక్కన పప్పు, ఆకుకూర తప్పనిసరి. ఏ ధాన్యమైనను ఒంటరిగా సంపూర్ణాహారము కాదు. చిరుధాన్యములు సర్వరోగ నివారిణులను ప్రచారమును నమ్మి మందులు మానరాదు.

ఇందులో వెలపెట్టి కొనవలసినది స్వల్పము. పారవేయక నిలుపుకొనవలసినది హెచ్చు. అడిగినదంతయు ఇచ్చివేసిన దాత పేరు బలిఘట్టము మోయుచున్నది. దానము గొప్పదే. కాని ఎవరును అడుగకయే, ఏమి పోవుచున్నదో ఎరుగకయే మనము వదలుకొనునది దానము కాదు. రేపు బియ్యము కడుగునపుడు ఆ తెల్లని నీటిని ఒక్క క్షణము చూచి, కుడితితొట్టిలోనికి ఏమి పోవుచున్నదో తలచుకొందము.