ఒక్క పెట్టెలో నిమిడిన నాదము

గ్రామఫోను రికార్డు గాడిలో సూది కదలునప్పుడు పుట్టు విద్యుత్తు సాధారణముగా వోల్టులో వేయింట నాలుగైదు పాళ్లకు మించదు. అంతటి సన్నని స్పందమును గైకొని, స్పీకరులోని కాగితపు శంకువును కదల్పజాలునంతగా దానిని పెంచి, ఆ పెంచుటలో తనదంటూ ఒక్క ధ్వనినైనను చేర్చకుండుట యాంప్లిఫయరు ధర్మము. ఈ కార్యము నంతటిని ఒకే పెట్టెలో నెరవేర్చు యంత్రమును ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరందురు. సామాన్యముగా తోచు ఈ పెట్టె ఉత్తమమైన రూపమున సామాన్యుని గదికి చేరుటకు డెబ్బది యేండ్లు పట్టినది.

1906లో అమెరికాయందు లీ డి ఫారెస్టు మూడు ఎలక్ట్రోడుల వాల్వును నిర్మించుటతో శబ్దమునకు బలమబ్బెను. కాని ఆ బలము వెంట వికృతియు వచ్చెను. 1927 ఆగస్టు 2వ తేదీ యుదయమున బెల్ ప్రయోగశాల యింజనీరు హెరాల్డ్ బ్లాక్, హడ్సన్ నదిని దాటు నావలో ఉద్యోగమునకు పోవుచు, వెలువడిన శబ్దములో కొంత భాగమును తలక్రిందు చేసి మరల మొదటికే పంపినచో దోషము దోషముతోనే రద్దగునని తలచి, చేతనున్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక మీదనే లెక్క గీసికొనెను. బలమును కొంత వదలుకొని శుద్ధిని సంపాదించుట! ఈ విద్యలో ఇంతకు మించిన ఊహ మరొకటి లేదని నా నమ్మకము. ఆ ఊహ ఫలమే ఇంగ్లండులో హెరాల్డ్ లీక్ 1945లో వెలువరించిన ‘పాయింట్ వన్’. వికృతి నూటికి ఒక పాలులో పదియవ వంతే యని చాటుటకు ఆ పేరు పెట్టెను. రెండేండ్లకు విలియమ్సన్ అను యింజనీరు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో 15 వాట్ల యాంప్లిఫయరు నిర్మాణమును సమగ్రముగా ప్రకటింపగా, ఆసక్తిగలవారు తమ యిండ్లలోనే దానిని కట్టుకొనిరి.

ఇవన్నియు ఒంటిచెవి యంత్రములే. సినిమా తెరపై నటుడొకవైపున నుండగా అతని మాట మరియొక వైపునుండి వచ్చుట ఇంగ్లండు యింజనీరు ఆలన్ బ్లమ్లైనుకు రుచింపలేదని చెప్పుదురు. 1931 డిసెంబరు 14న అతడు దాఖలు చేసిన పేటెంటులో, ఒకే గాడి యొక్క రెండు గోడలమీద రెండు ధ్వనులను చెక్కు పద్ధతి యున్నది. 1934లో అబ్బే రోడ్డు స్టూడియోలో వాద్యబృంద నిర్వాహకుడు బీచమ్ మోజార్టు కృతిని నిర్వహించుచుండగా బ్లమ్లైను దానిని స్టీరియోలో రికార్డు చేసెను. యుద్ధకాలమున, 1942లో, రాడారు పరీక్షకై పోయిన విమానము కూలి ముప్పదియెనిమిదేండ్ల ప్రాయముననే మరణించెను. అతని గాడి 1958లో గాని అంగళ్లకు రాలేదు.

వచ్చినంతనే చిక్కొకటి పుట్టెను. వాల్వుల కాలమున శబ్దమును దిద్దు ప్రీయాంప్లిఫయరొకటి, బలమిచ్చు పవర్ యాంప్లిఫయరొకటి తరచుగా వేర్వేరు. పీటర్ వాకర్ రూపొందించిన 1953 నాటి క్వాడ్ II సైతము అట్టిదే. వేడెక్కు ఆ బరువు పెట్టెలు స్టీరియోకు రెండేసి కావలసివచ్చెను. ట్రాన్సిస్టరు వేడిని, బరువును తగ్గించినపిదపనే అన్నియు ఒక్కచోట సుఖముగా నిమిడినవి. లీక్ సంస్థవారి 1963 నాటి స్టీరియో 30 ఆ తొలితరమునకు చెందినది.

తరువాతి పదేండ్లు వాట్ల పోటీలో గడచినవి. ఆ పోటీనుండి తప్పుకొన్నదగుటచేతనే 1978 నాటి ఎన్.ఏ.డి. 3020ను నేనింతగా గౌరవింతును. లండనులో 1972లో స్థాపితమైన ఆ సంస్థకు దీనిని రూపొందించినవాడు నార్వే దేశీయుడు ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్. కాగితముమీద చానలుకు 20 వాట్లే. అయితే స్పీకరు 8 ఓంలదని వ్రాసియున్నను, స్వరము మారినకొలది దాని నిరోధము సగమునకును దిగువకును పడవచ్చును. మృదంగపు దెబ్బ పడిన క్షణమున అది కోరు కరెంటు అధికము. పేరుకు పెద్దవైన యంత్రములు తడబడుచోట ఈ చిన్నది నిలిచెను. శక్తికి మించి శబ్దమును కోరినచో తరంగశిఖరము కత్తితో కోసినట్లు తెగి చెవికి కర్కశమగును. ఆ శిఖరమును మెల్లగా గుండ్రముచేయు ఏర్పాటొకటి దీనిలో నుండి, వలదన్నవారికి వెనుక మీట యుండెను. అచ్చటనే చిన్న లోహపు తునుకలు ప్రీయాంప్లిఫయరు, పవర్ యాంప్లిఫయరు భాగములను కలిపియుండును. వాటిని లాగివేసిన ప్రీయాంప్లిఫయరు వేరగును. చేతికి డబ్బు చిక్కిననాడు మరియొక పెద్ద పవర్ యాంప్లిఫయరును తగిలించుకొనవచ్చును. కొన్నవాని రేపటిని కూడ తలచి చేసిన వస్తువది. రంగు మసకబూడిద, మీటలు సాదా. బ్రిటనులో విద్యార్థులును, చిరుద్యోగులును దానిని కొనిరి.

మనదేశమున ఆ దినములలో దిగుమతి నిర్బంధములుండుటచేత తెలుగుయిండ్లలో ఎక్కువగా వినబడినది రేడియో, రేడియోగ్రాము, అటుపిమ్మట టేపురికార్డరు. స్టీరియో కలవారిల్లు వీధికొకటి యుండుట కూడ అరుదు. నేను మొదటిసారి బంధువులయింట రెండు స్పీకర్ల నడుమ చాపమీద కూర్చుండి వీణ విన్నప్పుడు, ఆ వాద్యము రెండు పెట్టెలలో దేనియందును గాక, వాటి నడుమనున్న వట్టి గోడయొద్ద మ్రోగుచున్నట్లు తోచి, లేచిపోయి ఆ గోడను తడిమి చూచితిని.

అట్టి పాత యాంప్లిఫయరు మీ యింట అటకమీద నున్నచో పాతసామాను బండికి వేయకుడు. నలుబదియేండ్లకు దానిలో సాధారణముగా చెడునవి ఎండిపోయిన కెపాసిటర్లు, ధూళి పట్టిన వాల్యూము మర. పని తెలిసిన మెకానిక్కుచేత వాటిని బాగుచేయించి, స్పీకర్లను గోడకు జానెడు ఎడముగా నిలిపి, మీకిష్టమైన రికార్డునొకదానిని చివరివరకు వినుడు.