గోలకొండ పత్రిక: ఉదయము, అస్తమయము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పెద్దలకు గోలకొండ పత్రిక పేరు క్రొత్తది కాదు. దానిని నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు మన సీమవారే. వారు 1896వ సంవత్సరమున, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. ఆ పత్రిక యెట్లు పుట్టి, యెట్లు పెరిగి, యేల యంతరించెనో నేడు విన్నవించెదను.

నిజాము రాజ్యమున ఉన్నత విద్యయు, కచేరీ వ్యవహారమును ఉర్దూలోనే జరిగెడివి. 1921వ సంవత్సరమున హైదరాబాదులో జరిగిన యొక సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను. కాని సంఘము మాట పల్లెకు చేరవలెనన్న పత్రిక కావలెను గదా! 1926వ సంవత్సరము మే 10వ తేదీన, వారమునకు రెండుమారులు వెలువడునట్లు, గోలకొండ పత్రిక హైదరాబాదులో ఆరంభమయ్యెను.

వ్యాసములు వ్రాయువారు ప్రతాపరెడ్డిగారే, ప్రూఫులు దిద్దువారును వారే. సంపాదకీయములకు ముందుగా అనుమతి పొందవలెనని సర్కారు ఆజ్ఞ వచ్చినపుడు, ఆ చోట మహనీయుల సూక్తులను ముద్రించిరని చెప్పుదురు. చెప్పదలచినది చదువరులకు తెలియకపోలేదు.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని యొకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు ఆ మాటకు మాటతో బదులు చెప్పి ఊరకుండలేదు. ఊరూరనుండి పద్యములు సేకరించి, 1934వ సంవత్సరమున 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. పండితపోషణచే విద్వద్గద్వాల యని పేరొందిన సీమలో పుట్టినవారికి ఇది తగిన పనియే.

1948వ సంవత్సరమున నిజాము పాలన ముగిసెను. తెలుగున వ్రాయుట అప్పటినుండి సాహసకార్యము కాకుండెను. ప్రతాపరెడ్డిగారు 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికై, మరుసటి యేడు ఆగస్టు 25వ తేదీన స్వర్గస్థులైరి. పత్రిక దినపత్రికగా మారినను, 1956 తరువాత పెద్ద పెట్టుబడియు, పెద్ద యంత్రములును గల పత్రికలతో పోటీపడవలసివచ్చెను. దాదాపు నలువది యేండ్లు నడచి, 1960వ దశకమున నిలిచిపోయెను.

దీనిని ఓటమి యనరాదు. అది తయారుచేసిన చదువరులే తరువాతి పత్రికలకు చందాదారులైరి. విత్తనము పగిలినగాని మొలక రాదు. అయినను విత్తినవారిని మరచుట పంట తిన్నవారికి తగదు. మీ యిండ్ల అటకలపైనో, పాత పెట్టెలలోనో ఆ సంచికలున్నచో, చెదలపాలు కానీయక గ్రంథాలయమున కప్పగించుడు. మన తాతల గొంతు అందులోనున్నది.