గుట్టుకి ఒక మెలిక

అమెరికాలో పెళ్ళి గొడవలకి కౌన్సెలింగు అనగానే మనవాళ్ళు ఫీజు కంటే ముందు అడిగేది, "మనం చెప్పింది బయటికి పొక్కదు కదా?" అని. న్యాయమైన భయమే. మన ఊళ్ళలో మొగుడూ పెళ్ళాల తగువు పెద్దమనుషుల దాకా వెళ్ళిందంటే, తీర్పు సంగతి ఎలా ఉన్నా, సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది.

ఇక్కడ లైసెన్సున్న ఫ్యామిలీ థెరపిస్టుకి గుట్టు కాపాడ్డం వృత్తిధర్మం. భార్య ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పిన మాటని, ఆవిడ రాసివ్వకుండా, భర్తకి కూడా చెప్పకూడదంటుంది వాళ్ళ సంఘం నియమావళి. కానీ మొదటిరోజు సంతకం పెట్టించే కాయితాల్లో ఒక మెలిక ఉంటుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే ఈ గుట్టు వర్తించకపోవచ్చు అని. సాఫ్టువేరు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఐ అగ్రీ' నొక్కినట్టు చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఆ మెలిక వెనక మన దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థి కథ ఉంది.

అతని పేరు ప్రసేన్‌జిత్ పొద్దార్. బెంగాల్‌లో దళిత కుటుంబంలో పుట్టి, ఓడల నిర్మాణం చదవడానికి 1967లో బర్కిలీ వచ్చాడు. మరుసటేడు ఇంటర్నేషనల్ హౌస్‌లో జానపద నృత్యాల క్లాసులో తాతియానా తరసాఫ్ పరిచయమైంది. కొత్త సంవత్సరం ముందు రాత్రి ఆమె అతన్ని ముద్దు పెట్టుకుంది. ఆ అమ్మాయికి అది పండగ సరదా, ఇతనికి పెళ్ళి మాటంత. తనకలాంటి ఉద్దేశం లేదని ఆమె తేల్చి చెప్పాక మనిషి కుంగిపోయాడు, చదువు పక్కన పడేశాడు.

1969 వేసవిలో ఆమె బ్రెజిల్ వెళ్ళింది. స్నేహితుడి సలహా మీద పొద్దార్ యూనివర్సిటీ ఆస్పత్రిలో సైకాలజిస్టు లారెన్స్ మూర్ దగ్గరికి వెళ్ళాడు. ఆగస్టులో, ఆమె తిరిగి రాగానే చంపేస్తానన్నాడు. మూర్ ఊరుకోలేదు. క్యాంపస్ పోలీసులకి చెప్పాడు, ఉత్తరం కూడా రాశాడు. వాళ్ళు అతన్ని పట్టుకుని, మాట తీరు బాగానే ఉందనుకుని, ఆ అమ్మాయి జోలికి వెళ్ళనని మాట తీసుకుని వదిలేశారు. మూర్ పై అధికారి ఆ ఉత్తరాన్ని వెనక్కి తెప్పించి, నోట్సుతో సహా నాశనం చెయ్యమన్నాడు. అక్టోబరు 27న పొద్దార్ ఆమెని ఆమె ఇంటి దగ్గరే చంపేశాడు.

అతనికి పడిన శిక్షని, జడ్జి జ్యూరీకి చట్టాన్ని సరిగా వివరించలేదని, 1974లో పైకోర్టు కొట్టేసింది. మళ్ళీ విచారణ లేకుండా ఇండియా పంపేశారు.

ఆమె తల్లిదండ్రులు యూనివర్సిటీ మీద కేసు వేశారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1974లో థెరపిస్టు 'హెచ్చరించాలి' అంది. మళ్ళీ విని, 1976లో ఆ మనిషిని 'కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాలి' అని మార్చింది. జస్టిస్ క్లార్క్ ఒప్పుకోలేదు. గుట్టు నిలవదని తెలిస్తే రోగులు నోరు విప్పరు, వైద్యం అందక హింస పెరుగుతుందని ఆయన వాదన. దాన్ని కొట్టిపారెయ్యలేం. పోలీసులు పట్టుకున్నాక పొద్దార్ మళ్ళీ మూర్ దగ్గరికి వెళ్ళనే లేదు!

అయినా నా ఓటు తీర్పుకే. ఆ ఆగస్టులో విషయం పోలీసులకి తెలుసు, ఆస్పత్రి పెద్దకి తెలుసు. ఆ అమ్మాయికి గానీ ఇంట్లోవాళ్ళకి గానీ ఒక్కరూ చెప్పలేదు. ఆమె సొంత సోదరుడే పొద్దార్‌తో కలిసి ఒకే అపార్ట్‌మెంటులో ఉన్నాడంటే చూడండి.

తర్వాత 1985లో కాలిఫోర్నియా దీనికి చట్టం చేసింది. 2001లో మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టు దగ్గరే ఇలాంటిది జరిగింది. కొడుకు ఒకరికి హాని చేస్తానంటున్నాడని థెరపిస్టుకి చెప్పింది తండ్రి, కొడుకు కాదు. రోగి నోటంట రాని మాటకి నా బాధ్యతేమిటని థెరపిస్టు వాదించాడు. కొడుకు వైద్యం కోసం కుటుంబసభ్యుడు చెప్పినా అది రోగి చెప్పిన కిందే లెక్కని 2004లో అప్పీలు కోర్టు తేల్చింది. అమ్మానాన్నలూ అత్తమామలూ కూడా కౌన్సెలర్‌కి ఫోన్లు చేసే మన ఇళ్ళకి ఇది బాగా పనికొచ్చే సంగతి.

ఇదంతా కాలిఫోర్నియా లెక్క. టెక్సస్ సుప్రీంకోర్టు 1999లో ఈ బాధ్యతని ఒప్పుకోలేదు. అక్కడి చట్టం ప్రకారం థెరపిస్టు పోలీసులకో డాక్టర్లకో చెప్పొచ్చు, చెప్పి తీరాలని లేదు. అంచేత డాలస్‌లో ఉన్నవాళ్ళు ఫ్రీమాంట్ స్నేహితుల్ని అడిగి ఊరుకోకుండా, ఏది గుట్టుగా ఉంటుందో ఏది ఉండదో మొదటిరోజే థెరపిస్టుని అడగండి. అది చెప్పడం కూడా వాళ్ళ నియమావళిలో ఉన్నదే.