ఎంతయిద్ది?

లోపలికి రండి. చూసుకుని నడవండి, వసారాలో అడుగు పెట్టే చోటు తక్కువ. తెల్లారగట్ల గుంటూరు యార్డుకు పోవాల్సిన మిర్చి టిక్కీలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. ఆ ఘాటుకు ఒకసారి దగ్గితే గాని ఊపిరి ఆడదు. 2023 మార్చి ఇది. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో ఒక నల్లరేగడి ఊరు. చేలల్లో పత్తికట్టె పీకి కుప్పలేశారు. కళ్లాల్లో ఆడవాళ్లు ఇంకా తాలుకాయలు ఏరుతూనే ఉన్నారు. ఈ ఇంటి పడగ్గది తలుపు తీస్తే మాత్రం వెనీలా వాసన.

ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చున్నావిడను కాసేపు కదిలించకండి. గుడ్డు వెయ్యకుండా పెరుగు, వంటసోడాతో చేసిన కేకు అది, పొంగుతుందో లేదో చూస్తోంది. ఓవెన్ పడగ్గదిలో ఎందుకుందంటే, ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్గు ఇదొక్కటే, ఏసీ కోసం పెట్టించింది. రెండు వేల వాట్లు లాగే ఓవెన్‌ను మామూలు ప్లగ్గు మొయ్యలేదు. అందుకని ముందు కేకు కాల్చి, ఆ వైరు పీకి ఏసీ వైరు పెట్టి, గది చల్లబడ్డాక క్రీము కొట్టాలి. మధ్యలో కరెంటు పోయిందా, ఇన్వర్టరు ఫ్యాన్లను తిప్పుతుంది గాని ఓవెన్‌కు చాలదు. సగం కాలిన కేకు నడిమధ్యలో కుంగిపోతుంది.

పుల్ల గుచ్చి తీసింది. పొడిగా వచ్చింది.

ఇప్పుడు క్రీము. గిన్నె కింద ఐసుముక్కల పళ్లెం. బీటరు ఆపి పైకెత్తితే క్రీము మొన నిలబడాలి. నిలబడింది, అంతలోనే తల వాల్చేసింది. మాట్లాడకుండా మూత బిగించి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టింది. వెన్నకీ క్రీముకీ పక్కన ఏ వాసనుంటే అది ఇట్టే పట్టేస్తుంది. తలుపు కింద తడిగుడ్డ ఎందుకు కుక్కిందో ఇప్పుడు అర్థమైందిగా. మిరపకాయ వాసనొచ్చే కేకును ఈ ఊళ్లో కూడా ఎవరూ తినరు.

పని ఆమెకు వచ్చు. ఈ వీధిలో పిల్లల పుట్టినరోజులకు చాన్నాళ్లుగా ఆమె కేకే కోస్తున్నారు. ఒక్కరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం చూడండి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్. ఏడాది అమ్మకాలు 12 లక్షలు దాటని చిన్న వ్యాపారానికి అది చాలు, ఏడాదికి ఫీజు 100 రూపాయలు. 14 అంకెల నంబరు కూడా వచ్చేసింది. 2020లో కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ఆహార పదార్థాలు తయారుచేసే డ్వాక్రా సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం ఇస్తారు, అడుగుదామని గ్రూపు లీడరు తొందరపెడుతోంది. ముందు ఒక్క కేకన్నా అమ్మాలి గదా అని ఈవిడ ఆగింది.

ఆ అమ్మడం దగ్గరే కాళ్లు ఆడటంలేదు. పిల్లాడి పాత నోటుబుక్కులో పద్దు రాసుకుంది: మైదా, పంచదార, వెన్న, క్రీము, అట్టపెట్టె, కరెంటు. మొత్తం 410. పక్కన 800 అని రాసి కొట్టేసింది. 600 అని రాసి అదీ కొట్టేసింది. పొద్దుటి నుంచీ ఆమె నిలబడి చేసిన చాకిరీకి ఆ పద్దులో ఒక్క గీతైనా లేదు. ఉండాలి. నా మనసుకు అన్నిటికంటే బాధగా ఉన్నది అదే.

ఈ ఇంట్లో తమ సరుకు ధర తాము చెప్పినవాళ్లు లేరు. యార్డులో టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి, తొడిమె చూసి, రంగు చూసి, రేటు చెప్పేది కొనేవాడు. పత్తికీ అదే వరస. ఏడాదంతా పండించినవాళ్లు ఎదురుగా నిలబడి వినాలి. అలాంటి ఇంటి కోడలు ఇవాళ తన నోటితో ఒక అంకె చెప్పాలి. అది కూడా పరాయివాళ్లకు కాదు, పక్క వీధి పిన్నికి.

"పిన్ని వరసైన మనిషి దగ్గర డబ్బులేందే? బాగోదు," అంటోంది అత్తగారు, వసారాలోంచే.

ఫోను మోగింది. తడి చెయ్యి చీరకు తుడుచుకుని స్పీకరు నొక్కింది.

"అమ్మాయ్, ఆదివారం మనవడి పుట్టినరోజు. చెప్పానుగా, కేజీ కేకు, గుడ్డు లేకుండా. ఎంతయిద్ది?"

'మీ ఇష్టం పిన్నీ' అన్న మాట పెదాల దాకా వచ్చింది. చూస్తూనే ఉన్నాం మనం. మింగేసింది.

"ఏడొందల యాభై అయిద్ది పిన్నీ."

అవతల చప్పుడు లేదు.

"పేటలో బేకరీ వాళ్లు ఐదొందలకే ఇస్తన్నారుగా?"

"ఇస్తారు పిన్నీ. నేను వేసేది వెన్న, డాల్డా కాదు. ఆ రోజు పొద్దున్నే చేసి, నేనే తెచ్చిస్తా." గొంతు కొంచెం వణికింది గాని అంకె మారలేదు.

"సరేలే. అడ్వాన్సు ఫోన్‌పే చెయ్యనా?"

అడ్వాన్సు సంగతి నోటుబుక్కులో లేదు.

"సగం వెయ్యండి పిన్నీ."

వసారాలో గోనెసంచి కుడుతున్న చప్పుడు ఆగింది. అత్తగారు గడప దాకా వచ్చింది. "పిల్లాడి పేరేం రాయాలో అడగవేం? ఆ తర్వాత మాట పడేది నువ్వే."